ఆడపిల్లకైనా పదిహేనే

సూర్యాపేట,
1949 జూన్ 12

చిరంజీవి రాహేలుకు,

నా మోకాళ్ళు తప్ప ఈ ఇంట్లో అన్నీ క్షేమం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేకపోయాను కాబట్టి రెండోసారి.

వడ్రంగి ఇంట్లో పొద్దటి నుంచి దీపాలు పెట్టేదాకా కూచుని పురుడు పోసినందుకు నీకు ముట్టింది ఒక సొరకాయ, ఒక రవికెగుడ్డ, "మా ఇంటి దేవతవు తల్లీ" అన్న మాట. సొరకాయ కూరకు వస్తుంది. రవికెగుడ్డ కుట్టించుకోవచ్చు. దేవతకు ఇంటి కిరాయి ఎవరు కడతారు?

ఇక్కడి మిషను దవాఖానలో కాన్పుల పని నేర్చుకుని, పరీక్ష నెగ్గి, అక్కడే నర్సుగా జీతం తీసుకుంటున్నదానివి. "ఒకరు కొట్టే గంటకు లేవను, నా పని నేనే చేసుకుంటాను" అని మిర్యాలగూడెం పోయి రెండు గదులు తీసుకున్నావు. మా అక్క కొడుకునన్న అధికారంతో మీ మామ అడ్డం వస్తే ఆయన నోరు నేనే మూయించాను. తల్లి లేని పిల్లను పెంచినదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. ఇప్పుడు ఆయన ఆదివారం ఆదివారం గుడి నుంచి నేరుగా ఇక్కడికొచ్చి, "ఎట్ల నడుస్తున్నదమ్మా నీ మనుమరాలి దుకాణం?" అని అడుగుతున్నాడు. సొరకాయ సంగతి ఆయనకు చెప్పలేదు.

దవాఖాన దొరసాని నీ చోటు క్రిస్మస్ దాకా ఎవరికీ ఇవ్వనని కబురు చేసింది. మంచి మనిషి. నువ్వు తిరిగి వస్తావని ఆమెకు ఎంత నమ్మకమో చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఎంత ఇవ్వాలని వాళ్ళు అడిగితే నువ్వు "మీ ఇష్టం" అన్నావట. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ఇష్టమున్నవాళ్ళు లెక్కలు చెయ్యండి అని ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే సూర్యాపేటలో లెక్కలు వచ్చినవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు.

అక్కడి పాత మంత్రసాని ఎంత తీసుకుంటుందో కనుక్కుని రాయి.

మీ అమ్మమ్మ,
ఎస్తేరు


మిర్యాలగూడెం,
జూన్ 25

అమ్మమ్మకు రాహేలు వందనాలు.

నీ కోపం కవరు విప్పకముందే తెలిసింది. చిరునామా అంత గట్టిగా ఒత్తి రాశావు.

ఇక్కడి మంత్రసాని పేరు మైసమ్మ. మంచిదే. నేను వచ్చిన మొదటివారమే వచ్చి నా సంచి విప్పించి, కత్తెర చూసి, "గిది బట్టలు కోసేది గాదు గదా?" అని అడిగి పోయింది. ఆమె రేటు ఆమెది కూడా కాదు, ఊరిది. కొడుకు పుడితే ఐదు రూపాయలు, ఒక చీర. బిడ్డ పుడితే రెండున్నర, చీర లేదు. ఎప్పటి నుంచి అని అడిగితే, "మా అత్తకు గంతే, ఆమె అత్తకు గంతే" అంది.

ఆడపిల్లకు సగమేమిటని అడిగాను. "ఆడపిల్ల పుట్టినింట్ల పూర్తి అడుగుతరా ఎవలన్న? వాళ్ళు మొగం ఏలాడేసుకొని కూసుంటే మనం పండుగ చేసుకున్నట్టుంటది బిడ్డా" అంది. నిజంగానే ఆ ఇళ్ళలో ఆ సమయంలో డబ్బు మాట నోటికి రాదు.

ఇంతవరకు నాలుగు ఇళ్ళకు పోయాను. మూడు చోట్ల ఆడపిల్లలే.

రాహేలు


సూర్యాపేట,
జులై 3

రాహేలూ,

ఆడపిల్లకు తల్లికి నొప్పులు సగం వస్తాయా? నువ్వు బొడ్డుతాడు సగం కోసి వదిలేస్తావా? నీళ్ళు సగం కాగితే చాలా? నాకు తెలియక అడుగుతున్నాను, నేను కన్నది ఒక్క ఆడపిల్లనే. మీ అమ్మను. మగపిల్లవాడయితే ఇంకా ఎంత గోల పెట్టేదాన్నో మరి!

ఆ సమయంలో డబ్బు మాట నోటికి రాదంటే, ఆ సమయానికి ముందు మాట్లాడు. గడపలో నిలబడి, సంచి కింద పెట్టకముందే చెప్పు. మన నిజాం సిక్కాలో, హాలీ పది రూపాయలు. కొడుకైనా పది, బిడ్డయినా పది. కూలిజనానికి ఉచితం, ఆ మాట కూడా గడపలోనే చెప్పు. పూర్తి తీసుకో, లేదా ఉచితంగా చెయ్యి. ఆ రెండింటి మధ్య ఉన్నదంతా బేరం. బేరమాడటం నీకు రాదు. మీ తాత పోలిక. ఆయన కొనుక్కొచ్చిన గేదెలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ తలనొప్పి.

ఎస్తేరు


మిర్యాలగూడెం,
ఆగస్టు 8

అమ్మమ్మా,

నీ మాట విన్నాను. ఫలితం రాస్తున్నాను, తీరిగ్గా కూచుని చదువుకో.

పొగాకు వ్యాపారి ఇంటి గడపలో నిలబడి పది రూపాయలన్నాను. ఆ ఇంటి ముసలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏందమ్మా, పిల్ల భూమ్మీద పడకముందే పైసలా? బర్రెను కొంటున్నమా?" అంది. కొడుకైనా బిడ్డయినా ఒకటేనన్నాను. అప్పుడు లోపలి నుంచి మగాయన, "బిడ్డ పుడితే పది రూపాయలు దండుగ గూడనా?" అని నవ్వాడు. ఆయన నవ్వుతుంటే అందరూ నవ్వారు. మైసమ్మను పిలిపించుకున్నారు. బిడ్డే పుట్టింది. రెండున్నర ఇచ్చారు. ఆ సంగతి మైసమ్మే వచ్చి చెప్పింది. పాపం, నాకోసం వాళ్ళింటి అరిసెలు రెండు కొంగున కట్టుకొచ్చింది.

తరవాత రెండు ఇళ్ళలో ఇదే వరస. ఆ పైన ఎవరూ పిలవలేదు. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నేను బాగానే తింటున్నాను.

రాహేలు


సూర్యాపేట,
ఆగస్టు 12

రాహేలూ,

బాగానే తింటున్నానని రాశావు. నేను అడగలేదు. అడగకుండా చెప్పిన మాటను నేను నమ్మను. పిల్లలు నాకు అట్లాగే దొరికిపోయేవాళ్ళు.

బస్సు డ్రైవరు యాకోబు చేతికి బియ్యం, చింతకాయ తొక్కు, ఒక సీసా నెయ్యి ఇచ్చాను. నెయ్యి సీసా నిండుగా ఉన్నదో లేదో చూసి తీసుకో. యాకోబు మంచివాడే, నెయ్యి ముందు ఎవరూ అంత మంచివాళ్ళు కారు.

పదికి తగ్గకు.

ఎస్తేరు


మిర్యాలగూడెం,
సెప్టెంబరు 20

అమ్మమ్మకు వందనాలు.

నువ్వే గెలిచావు! రాయడానికి తీరిక లేదు. తహసీలు కచేరీలో గుమాస్తా భార్యకు, బట్టల దుకాణం వాళ్ళ కోడలికి, ఇంకా ఇద్దరికి నేనే పురుడు పోశాను. పది అంటే ఎవరూ మారు మాట్లాడటం లేదు. పదిహేను చేశాను. అయినా మాట్లాడలేదు. మొన్న కోదాడ నుంచి బండి కట్టుకుని వచ్చారు. వాళ్ళు ఇండియా సర్కారు కల్దారు రూపాయలిచ్చారు. మన హాలీ కంటే విలువ ఎక్కువ కదా, తేడా తిరిగి ఇవ్వబోతే, "ఉంచండమ్మా, మీ చేతికి ఎంతిచ్చినా తక్కువే" అన్నారు.

జనానికి చదువుకున్న పనికి విలువ తెలిసివస్తున్నట్టుంది. కిరాయి బాకీ తీర్చేశాను. మామకు ఈ ఉత్తరం చదివి వినిపించు.

రాహేలు


కోదాడ,
అక్టోబరు 9

రాహేలూ,

మీ మామకు చదివి వినిపించాను. ఆ మురిపెంతోనే మా చెల్లెలు ఏసమ్మను చూద్దామని కోదాడ వచ్చాను. రాకపోయి ఉంటే బాగుండేది.

నిన్న పక్కింటావిడ కడుపుతో ఉన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. మాటల్లో, "మిర్యాలగూడెం నర్సమ్మను మాట్లాడామండీ. పదిహేను రూపాయలు. ఆడపిల్లకు పైసా తగ్గించదంట" అంది. నువ్వు నా మనుమరాలివని ఆమెకు తెలియదు. నేను కుర్చీలో నిటారుగా కూచుని, "మంచిదే కదా, పని పనే" అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "అది కాదండీ పెద్దమ్మగారూ. మంత్రసానులందరికీ ఆడపిల్లకు సగం రేటుంటుందా? ఈమెకు ఆ రేటే లేదు. ఎందుకు లేదంటారు? ఆమె చేతిలో ఆడపిల్ల పుడితేగా!"

ఏసమ్మ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయింది. నేను ఎక్కడికీ పోలేకపోయాను.

కొడుకైనా బిడ్డయినా ఒకటే రేటన్న మాటను జనం ఇట్లా అర్థం చేసుకుంటారని నాకు తట్టలేదు. నా తప్పు అంతవరకే. చదువుకున్న పనికి విలువ అంటూ నువ్వు రాసిన నాటికి ఈ సంగతి నీకు తెలుసా, తెలియదా? అవునో కాదో రాయి. వానల సంగతి వద్దు.

ఎస్తేరు


మిర్యాలగూడెం,
అక్టోబరు 15

అమ్మమ్మా,

తెలుసు.

ఆగస్టు ఆఖరు నుంచి నా చేతిలో పడ్డవాళ్ళందరూ మగపిల్లలే. నన్నేం చెయ్యమంటావు, వెనక్కి పంపమంటావా? ఆ మాట నేను పుట్టించలేదు. నేను ఎవరితోనూ అనలేదు. కాదని కూడా అనలేదు, అంతే. ఆకలితో ఉన్నప్పుడు రెండు గదుల్లో ఒక్కదాన్నే కూచుని గోడలతో మాట్లాడాను. అప్పుడు నా సర్టిఫికెట్ చూసి ఎవరూ రాలేదు. ఇప్పుడు వాళ్ళ పిచ్చి వాళ్ళను తెచ్చి నా గడపలో నిలబెడుతుంటే, పని మాత్రం నేను శుభ్రంగానే చేస్తున్నాను. ఒక్క తల్లికి జ్వరం రాలేదు. అది లెక్కలోకి రాదా?

అన్నీ చెప్పాను కాబట్టి ఇది కూడా చెప్తాను. ఇక్కడ ఆముదపు నూనె మిల్లు వీరయ్య అని పెద్ద సావుకారు. ముగ్గురు ఆడపిల్లలు. భార్యకు మళ్ళీ నెలలు నిండాయి. వీరయ్య తల్లి జంగమ్మ స్వయంగా వచ్చి యాభై రూపాయలు, పట్టుచీర అంది. సరే అన్నాను. యాభై ఉంటే వచ్చే సంవత్సరం దాకా నాకు ఏ దొరసాని చోటూ అక్కర్లేదు.

రాహేలు


సూర్యాపేట,
అక్టోబరు 19

రాహేలూ,

లెక్కలోకి వస్తుంది. అందుకే ఈ కోపం. నీ చేతికి అంత పనితనం ఉండి, నీ చేతిలో లేనిదానికి డబ్బు తీసుకుంటున్నావు. పనికి తీసుకుంటే అది రేటు. కొడుకో బిడ్డో అన్నదానికి తీసుకుంటే అది కోడిపందెం. యాభై రూపాయల పందెం కాశావు, కోడి నీది కూడా కాదు.

ఓడిపోతే నీకు పోయేది కిరాయి. ఆ వీరయ్య భార్య సంగతి ఆలోచించావా? ముగ్గురు ఆడపిల్లలను కన్నందుకు ఆ ఇంట్లో ఎన్ని మాటలు పడుతున్నదో. మగపిల్లలే పుట్టే చేతిలో కూడా ఆమెకు ఆడపిల్లే పుడితే తప్పు ఎవరిదంటారు? నీది అనుకుంటున్నావా?

ఈ ఉత్తరం అందిన రోజే జంగమ్మ దగ్గరికి పో. నా చేతికి అట్లాంటి మహిమ లేదు, రేటు పదిహేనే అని చెప్పు. నలుగురి ముందు చెప్పు.

ఎస్తేరు


మిర్యాలగూడెం,
నవంబరు 6

అమ్మమ్మా,

ఆ రోజే పోయాను. చెప్పాను. జంగమ్మ పకపకా నవ్వింది. "యాబై చాల్తలేదా? చెప్పరాదు మల్ల! డెబ్బై ఇస్త" అంది. నిజం చెప్తే రేటు పెంచడానికి ఎత్తు వేశాననుకుంది. పదిహేనంటే పదిహేనేనన్నాను. "సరె సరె, ముందుగాల పిల్లగాన్ని రానీ" అని పంపేసింది.

కిందటి సోమవారం పిలుపు వచ్చింది. ఎదురుకాళ్ళ కాన్పు. బిడ్డ కాళ్ళు ముందు వచ్చి తల ఆగిపోయింది. అట్లాంటప్పుడు లాగకూడదు అమ్మమ్మా, లాగమని ఇంటిల్లిపాదీ అరుస్తుంటే ఆగడమే పని. ఆగాను. బయటికి వచ్చాక బిడ్డ ఏడవలేదు. వీపు రుద్ది, నోట్లో జిగురు తీసి, నోటితో ఊపిరి పోశాను. అప్పుడు ఏడ్చింది. అవును, ఏడ్చింది. ఆడపిల్ల.

ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే గది బయటికి నడిచారు. ఆ తల్లి మాత్రం నా చెయ్యి పట్టుకుని, "బతికిందా?" అని అడిగింది. ఆడనా మగనా అని అడగలేదు.

చెయ్యి కడుక్కుని బయటికి వస్తే జంగమ్మ పళ్ళెంలో ఏడున్నర రూపాయలు పెట్టింది. "బిడ్డకు సగం. రివాజు" అంది. "పదిహేను ముందే చెప్పాను. ఇవ్వకపోతే ఉచితం. సగం మాత్రం తీసుకోను" అన్నాను. "అయితే పో" అంది. వచ్చేశాను.

నా చేతి మహిమ ఆ సాయంత్రానికే ఊళ్ళో ఖతమైంది. కోదాడ నుంచి మీ చెల్లెలి పక్కింటావిడ కూడా వద్దని కబురు పంపింది. పెట్టె సర్దుకుంటున్నాను. దొరసానికి ఉత్తరం రాసి పెట్టాను, రేపు టపాలో వేస్తాను. మామకు నువ్వే చెప్పు, నాకు ముఖం లేదు.

రాహేలు


సూర్యాపేట,
నవంబరు 9

రాహేలూ,

ఆ ఉత్తరం వెయ్యకు. వేసి ఉంటే దవాఖానకు పోయి వెనక్కి తెచ్చే పని నాకు పెట్టావన్నమాట, ఈ మోకాళ్ళతో.

ఎదురుకాళ్ళ కాన్పులో తల్లినీ బిడ్డనూ దక్కించినదానివి ఏడుస్తూ పెట్టె సర్దుకుంటున్నావు. దక్కించుకున్నవాళ్ళు దర్జాగా మిల్లు ఆడించుకుంటున్నారు. ఈ ఏర్పాటు ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

నువ్వు ఎవరికి ఉచితంగా చేస్తావు? పూట గడవనివాళ్ళకు. వీరయ్య ఇంట్లో ఉచితంగా చేశావా, లేదా? చేశావు. కాబట్టి ఎవరైనా అడిగితే ఉన్నమాట చెప్పు. వాళ్ళను తిట్టకు, గొంతు పెంచకు. ముఖం కాస్త జాలిగా పెట్టు. "పాపం, పదిహేను ఇచ్చుకోలేకపోయారు, ఉచితంగా చేసివచ్చాను" అను. ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించు. మొదట మైసమ్మకు చెప్పు. ఆమె రోజూ అన్ని గడపలూ తొక్కే మనిషి.

ఇంకో మాట. ఆ తల్లీబిడ్డను చూసిరావడం మానకు. జంగమ్మ మొహం చిట్లించినా సరే. డబ్బు ఇచ్చినవాళ్ళకైనా ఇవ్వనివాళ్ళకైనా పని ఒక్కటే.

క్రిస్మస్‌కు ఇంకా ఆరువారాలుంది. పెట్టె విప్పు.

ఎస్తేరు


మిర్యాలగూడెం,
డిసెంబరు 14

అమ్మమ్మకు వందనాలు.

నిన్ను బడిలో పెట్టి తప్పు చేశారు. తహసీలు కచేరీలో పెట్టాల్సింది.

మైసమ్మకు ఒక్కసారే చెప్పాను. "ఇచ్చుకోలేకపోయిన్రా? మిల్లోళ్ళా?" అని రెండుసార్లు అడిగింది. మూడో రోజుకు మిల్లు హమాలీలు, "మా సావుకారి మనుమరాలు ధర్మానికి పుట్టిందంట" అని నవ్వుకుంటున్నారు. వారం తిరిగేసరికి మిల్లుకు ఆముదాలు తోలే రైతులు బండ్లు వాకిట్లో ఆపి, "పురుడుకే పైసల్లేవంట గదా సావుకారీ, మా పైసలు ముందుగాల చేతుల పెట్టు, తర్వాత బస్తాలు దించుతం" అన్నారట. వీరయ్య ఎంత చెప్పినా వినలేదట.

ఆ మధ్యాహ్నమే జంగమ్మ ఎండలో నడుచుకుంటూ వచ్చింది. బండి కట్టించుకునేంత ఓపిక కూడా లేనట్టుంది. పదిహేను రూపాయలు మంచం మీద పోసి, "తీస్కో. పూర్తి. తీస్కున్ననని గీడ నిలబడి నలుగురికి చెప్పు" అంది.

"బిడ్డకు సగమే కదా రివాజు?" అన్నాను. నీ మనుమరాలిని కదా, ఊరుకోలేకపోయాను.

"సగమేంది? ఎవల్ది సగం? మాకేం తక్కువ?" అని మీదికి వచ్చింది.

తీసుకున్నాను. గడపలో నిలబడి గట్టిగా చెప్పాను. మైసమ్మ ఆ పక్కనే పనేమీ లేకుండా నిలబడి ఉంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను, కానీ జంగమ్మ ఊరుకోలేదు. తాను ఒక్కతే పూర్తి ఇచ్చి, మిగతా ఊరంతా సగం ఇచ్చుకుంటే తాను వెర్రిదయిపోతుంది కదా! మిల్లువాళ్ళు పూర్తి ఇచ్చిన నర్సమ్మనని ఊళ్ళో నన్ను మళ్ళీ పిలుస్తున్నారు. ఇప్పుడు ఏ ఇంట్లో పురుడు వచ్చినా జంగమ్మ నాకంటే ముందు పోయి అరుగు మీద కూచుంటుంది. పొగాకు వ్యాపారి చెల్లెలికి బిడ్డ పుట్టింది. సగం మాట ఎత్తబోతే, "మా బిడ్డకు పదిహేనిచ్చినం. మీ బిడ్డ మా బిడ్డ కంటె తక్కువదా? అయితే గదే చెప్పుండ్రి, ఇంటం" అంది. పదిహేనూ ఇచ్చారు. మొన్న మైసమ్మ కూడా ఆడపిల్లకు ఐదూ, చీరా అడిగి తెచ్చుకుంది. ఆ చీర నాకు చూపించడానికి రెండుసార్లు వచ్చింది.

హమాలీలు వెక్కిరింతగా "పదిహేను రూపాయల పిల్ల" అని పేరు పెట్టారు. జంగమ్మ ఇప్పుడు ఆ పిల్లను చంకనెత్తుకుని, "గీమెనే మా పదిహేను రూపాయల పిల్ల" అని తానే చూపించుకుంటున్నది. వెళ్ళినప్పుడల్లా ఆ తల్లి చాటుగా నవ్వుతుంది. ఆమె నవ్వడం ఇదివరకు చూడలేదు.

ఒక్కటే చిక్కు. బట్టల దుకాణం వాళ్ళ చిన్నకోడలికి కొడుకు పుట్టాడు. ముప్పై రూపాయలు ఇచ్చారు. పదిహేనేనంటే, "మిల్లోళ్ళు ఆడపిల్లకే పదిహేనిచ్చిన్రు. మేం కొడుక్కు గంతే ఇస్తే ఏం మర్యాద?" అన్నారు. ఆ డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టాను. ఏం చెయ్యమంటావు? ముప్పై అమ్మమ్మా!

రాహేలు


సూర్యాపేట,
డిసెంబరు 18

రాహేలూ,

తిరిగి ఇచ్చెయ్. పదిహేను ఉంచుకుని పదిహేను తిరిగి ఇచ్చెయ్. మగపిల్లవాడికి నువ్వు ఎక్కువగా చేసిన పని ఏమిటో చెప్పు, అప్పుడు ఆలోచిస్తాను. నాకు తెలిసినంతలో వాడు తల ముందు పెట్టి సుఖంగానే వచ్చి ఉంటాడు.

పెంచాలనుంటే వానాకాలానికి ఇరవై చెయ్యి, ఇద్దరికీ కలిపి. అప్పటికి జంగమ్మ తమ పిల్ల పేరు మార్చాల్సి వస్తుందని గొడవకు వస్తుంది. గొడవ పడనీ.

ఈ పొద్దున దవాఖానకు నడిచిపోయి, రాహేలు రాదు, ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని దొరసానికి చెప్పివచ్చాను. కాన్పుకు ఎంత తీసుకుంటున్నదని ఆమె అడిగింది. చెప్పాను. మగపిల్లవాడికెంత అని అడిగింది.

దొరసాని కూడా, చూడు!

మీ అమ్మమ్మ,
ఎస్తేరు